చిన్న జాతుల చెలికాడు – సీటన్ వాట్సన్

తమ దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడిన మహనీయులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఆయా దేశాల ప్రజలు వారిని తరతరాలుగా స్మరించుకొంటారు. పుట్టుకతో గాని, భాషతో గాని, మతంతో గాని తనకు సంబంధం లేని పరజాతుల స్వేచ్ఛ కోసం ధనాన్నీ, కాలాన్నీ, పేరుప్రతిష్ఠలనూ పణంగా పెట్టినవారు మాత్రం అరుదు. అటువంటి అరుదైన వ్యక్తులలో చరిత్రకారుడు రాబర్ట్ విలియం సీటన్ వాట్సన్ ఒకడు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో మధ్య ఐరోపాలోని చిన్న జాతుల గోడును లోకానికి వినిపించిన ఘనత ఆయనది. ఆయన ఆయుధం కలం. ఆయన బలం సత్యాన్వేషణ.

సీటన్ వాట్సన్ 1879 ఆగస్టు 20న లండన్ నగరంలో జన్మించాడు. ఆయన తల్లిదండ్రులు స్కాట్లాండుకు చెందినవారు. తండ్రి విలియం లివింగ్‌స్టన్ వాట్సన్ కలకత్తాతో తేయాకు వర్తకం చేసి విశేషంగా ధనం గడించాడు. తల్లి ఎలిజబెత్ లిండ్సే సీటన్ పండిత కుటుంబంలో పుట్టింది. ఆమె తండ్రి జార్జి సీటన్ వంశ చరిత్రలను పరిశోధించిన విద్వాంసుడు. తండ్రి నుండి సంపద, తల్లి వైపు నుండి చరిత్ర మీది అనురక్తి ఆ బాలుడికి సంక్రమించాయి. వించెస్టర్ పాఠశాలలోనూ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ కాలేజీలోనూ ఆయన విద్యాభ్యాసం సాగింది. ప్రసిద్ధ చరిత్రకారుడు హెచ్.ఎ.ఎల్. ఫిషర్ వద్ద శిష్యరికం చేసి, ఆధునిక చరిత్రలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ తరువాత బెర్లిన్, పారిస్, వియన్నా నగరాలలోని విశ్వవిద్యాలయాలలో చదువు కొనసాగించాడు. పొట్టపోసుకోవడానికి ఉద్యోగం వెతుక్కోవలసిన అగత్యం ఆయనకు లేదు. సుఖంగా కాలక్షేపం చేయగల స్థితి ఉండి కూడా కష్టమైన మార్గాన్ని ఎంచుకోవడంలోనే ఆయన వ్యక్తిత్వం వెల్లడవుతుంది.

ఆయన కృషిని అర్థం చేసుకోవాలంటే అప్పటి ఐరోపా పటాన్ని ఒకసారి మనసులో చిత్రించుకోవాలి. నేటి ఆస్ట్రియా, హంగరీ, చెక్ రిపబ్లిక్, స్లొవేకియా, స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా దేశాలతో పాటు పోలండు, రుమేనియా, యుక్రెయిన్, ఇటలీ దేశాలలోని కొన్ని భాగాలు కూడా ఒకే చక్రవర్తి ఏలుబడిలో ఉండేవి. హాప్స్‌బర్గ్ వంశీయులు పాలించిన ఆ సామ్రాజ్యంలో సుమారు 5 కోట్ల మంది ప్రజలు, పదికి పైగా జాతులు ఉండేవి. 1867లో జరిగిన ఒప్పందం వలన ఆ సామ్రాజ్యం ఆస్ట్రియా, హంగరీ అనే రెండు భాగాలయింది. ఆస్ట్రియాలో జర్మన్లు, హంగరీలో మజ్యార్లు ఆధిపత్యం వహించారు. హంగరీ రాజ్యంలో మజ్యార్లు ఇంచుమించు సగం మంది మాత్రమే. మిగిలిన స్లోవాకులు, రుమేనియన్లు, సెర్బులు, క్రొయాట్లు, జర్మన్లు తమ ఇంట తాము పరాయివారై బతుకుతుండేవారు. అన్ని జాతుల భాషలకూ రక్షణ కల్పిస్తామని 1868లో చేసిన చట్టం కాగితాలకే పరిమితమయింది. స్లోవాకుల ఉన్నత పాఠశాలలు మూడింటినీ, వారి సాంస్కృతిక సంస్థ అయిన మాటిత్సాను ప్రభుత్వం 1874, 1875 సంవత్సరాలలో మూసివేసింది. ఓటుహక్కు జనాభాలో నూటికి సుమారు ఆరుగురికి మాత్రమే ఉండేది.

యువకుడైన సీటన్ వాట్సన్ వియన్నాకు వచ్చే నాటికి ఈ వాస్తవాలు ఆయనకు తెలియవు. ఆనాటి ఆంగ్లేయ విద్యావంతుల వలెనే ఆయన కూడా హంగరీని స్వేచ్ఛకు నిలయంగా భావించాడు. 1848లో చక్రవర్తిని ఎదిరించి పోరాడిన మజ్యార్ల వీరగాథ ఆయనను ఆకర్షించింది. హంగరీ పక్షాన పత్రికలకు లేఖలు కూడా రాశాడు. 1906లో ఆ దేశాన్ని స్వయంగా చూడడానికి బయలుదేరాడు. ఆ ప్రయాణం ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. రాజధానిలోని అధికారులు చెప్పినదానికీ, పల్లెలలో తాను చూచినదానికీ పొంతన కుదరలేదు. మాతృభాషలో చదువుకోలేని పిల్లలను, వ్యాసం రాసిన నేరానికి చెరసాల పాలయిన సంపాదకులను, న్యాయస్థానంలో తమ భాష వినిపించక నిస్సహాయులైన రైతులను ఆయన చూచాడు. అంతవరకు తాను నమ్మినది పొరపాటని గ్రహించాడు. తాను ఏర్పరచుకొన్న అభిప్రాయాన్ని సాక్ష్యం ఎదుట విడిచిపెట్టడం చరిత్రకారుడికి ఉండవలసిన మొదటి గుణం. ఆ గుణం ఆయనలో నిండుగా ఉంది. ఆయన క్రమంగా ఆ ప్రాంతపు భాషలను కూడా అభ్యసించాడు.

మరుసటి సంవత్సరం జరిగిన ఒక ఘోరకృత్యం ఐరోపా దృష్టిని స్లోవాకుల వైపు మళ్లించింది. రుజొంబెరోక్ పట్టణ సమీపంలో చెర్నోవా అనే చిన్న గ్రామం ఉంది. ఆ గ్రామస్థులు చందాలు పోగుచేసి చర్చిని నిర్మించుకొన్నారు. తమ ఊరి బిడ్డ అయిన ఆంద్రేయ్ హ్లింకా అనే మతాచార్యుడి చేతుల మీదుగా దానికి ప్రతిష్ఠ జరగాలని వారు కోరుకొన్నారు. స్లోవాకుల హక్కుల కోసం మాట్లాడినందుకు హ్లింకాను పై అధికారులు అప్పటికే పదవి నుండి తొలగించారు. గ్రామస్థుల కోరికను మన్నించకుండా 1907 అక్టోబరు 27న వేరే మతాచార్యులను సాయుధ రక్షకభటుల వెంట పంపారు. దారికి అడ్డుగా నిలిచిన జనం మీద భటులు కాల్పులు జరిపారు. 15 మంది ప్రాణాలు కోల్పోయారు. చంపినవారికి శిక్ష పడకపోగా, గాయపడిన గ్రామస్థులలో అనేకులు కారాగారం పాలయ్యారు.

ఈ దారుణాన్ని ప్రపంచానికి తెలియజేసినవారిలో సీటన్ వాట్సన్ ముఖ్యుడు. ఆయన ‘స్కోటస్ వియేటర్’ అనే కలం పేరు పెట్టుకొన్నాడు. స్కాట్లాండు బాటసారి అని ఆ లాటిన్ మాటలకు అర్థం. 1908లో ఆ పేరుతోనే ‘హంగరీలో జాతుల సమస్యలు’ అనే బృహద్గ్రంథాన్ని ప్రకటించాడు. చట్టాలను, జనాభా లెక్కలను, న్యాయస్థానాల తీర్పులను, పత్రికల మీద జరిగిన విచారణలను అందులో ఒక్కొక్కటిగా పరిశీలించాడు. ఆవేశంతో నిందించడం కన్నా ఆధారంతో నిరూపించడమే ఆయన పద్ధతి. స్లోవాకుల జానపద కళలు, కవిత్వం, సంగీతం గురించిన అధ్యాయాలను కూడా ఆ గ్రంథంలో చేర్చాడు. పీడితులైనంత మాత్రాన వారు దీనులు కారనీ, వారికంటూ ఒక సంస్కృతి ఉన్నదనీ పాఠకులు గ్రహించారు. బుడాపెస్ట్ పత్రికలు ఆయన మీద నిప్పులు కురిపించాయి. పల్లెలలోని స్లోవాకులు మాత్రం ఆ స్కాట్లాండు బాటసారిని తమ ఆత్మబంధువుగా భావించారు.

ఆ తరువాత ఆయన దృష్టి దక్షిణ స్లావుల వైపు మళ్లింది. 1909లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో 53 మంది సెర్బుల మీద రాజద్రోహ నేరం మోపి విచారించారు. బలహీనమైన సాక్ష్యాలతోనే 31 మందికి శిక్షలు విధించారు. అదే సంవత్సరం డిసెంబరులో వియన్నా నగరంలో మరొక విచారణ జరిగింది. ఫ్రీడ్యుంగ్ అనే ప్రసిద్ధ ఆస్ట్రియన్ చరిత్రకారుడు విదేశాంగ శాఖ అందించిన పత్రాలను నమ్మి, క్రొయాట్, సెర్బు నాయకులు శత్రుదేశం నుండి ధనం పుచ్చుకొన్నారని పత్రికలో రాశాడు. ఆ నాయకులు ఆయనపై పరువునష్టం దావా వేశారు. విచారణలో ఆ పత్రాలు కృత్రిమమైనవని బయటపడింది. చెక్ జాతికి చెందిన ఆచార్యుడు తొమాష్ మసారిక్ ఆ కూట పత్రాల గుట్టు విప్పడంలో ప్రముఖ పాత్ర వహించాడు. ఈ విచారణను సీటన్ వాట్సన్ న్యాయస్థానంలో కూర్చుండి స్వయంగా గమనించాడు. పాలకులు అందించిన కాగితాన్ని పరీక్షించకుండా నమ్మితే ఎంతటి పండితుడైనా అసత్యానికి పనిముట్టుగా మారతాడని ఆ ఉదంతం తెలుపుతుంది. 1911లో ఆయన దక్షిణ స్లావుల సమస్యపై మరొక గ్రంథం వెలువరించాడు. హంగరీ ఎన్నికలలో జరిగే అక్రమాల మీద కూడా అదే సంవత్సరం ఒక పుస్తకం రాశాడు.

అప్పటికి ఆయన హాప్స్‌బర్గ్ సామ్రాజ్యం పతనం కావాలని కోరలేదు. అన్ని జాతులకూ సమాన హక్కులు ఇచ్చే సమాఖ్యగా అది మారాలని ఆశించాడు. యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఆ సంస్కరణ తీసుకొని రాగలడని నమ్మాడు. 1914 జూన్ 28న సారయెవోలో ఆ యువరాజు హత్యకు గురయ్యాడు. సరిగ్గా నెల తిరిగేసరికి ఆస్ట్రియా చిన్న దేశమైన సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమయింది. దానితో సమాఖ్య మీద ఆయన పెట్టుకొన్న ఆశ అడుగంటింది. చిన్న జాతులకు స్వాతంత్ర్యం తప్ప వేరు మార్గం లేదనే నిశ్చయానికి వచ్చాడు.

1914 అక్టోబరులో మసారిక్ హాలండులోని రోటర్‌డాం నగరానికి రహస్యంగా వచ్చి సీటన్ వాట్సన్‌ను కలుసుకొన్నాడు. రెండు రోజులపాటు వారిద్దరూ చర్చించారు. చెక్, స్లోవాక్ ప్రజలు కోరుతున్నదేమిటో మసారిక్ వివరించగా, సీటన్ వాట్సన్ ఆ విషయాలను విజ్ఞాపన పత్రంగా రూపొందించాడు. బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా ప్రభుత్వాలకు ఆ పత్రం చేరింది. కొంత కాలానికి మసారిక్ స్వదేశంలో ఉండలేక ప్రవాసి అయ్యాడు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో స్లావు జాతుల అధ్యయనానికి ఒక కేంద్రం స్థాపించి, ఆయనకు అక్కడ ఆచార్య పదవి లభించేటట్లు చేయడంలో సీటన్ వాట్సన్ విశేషంగా కృషి చేశాడు. 1915 అక్టోబరులో ఆ కేంద్రంలో మసారిక్ తన తొలి ఉపన్యాసాన్ని చిన్న జాతుల సమస్య మీదనే ఇచ్చాడు. ఆశ్రయం లేని ప్రవాసి గౌరవనీయుడైన ఆచార్యుడయ్యాడు. ఆయన మాటకు బ్రిటన్‌లో విలువ ఏర్పడింది.

యుద్ధకాలంలో సీటన్ వాట్సన్ విశ్రాంతి ఎరుగడు. సెర్బియా ప్రజల సహాయనిధికి గౌరవ కార్యదర్శిగా ఉండి ఔషధాలు, ఆహారం, వైద్య బృందాలు చేరవేయడానికి పాటుపడ్డాడు. చరిత్రకారుడు జి.ఎం. ట్రెవెల్యన్‌తో కలిసి సెర్బియాకు వెళ్లి పరిస్థితులను కళ్లారా చూచివచ్చాడు. ఇంతలో మిత్రరాజ్యాలు 1915 ఏప్రిల్‌లో ఇటలీతో రహస్య ఒప్పందం చేసుకొన్నాయి. ఇటలీ యుద్ధంలో చేరినందుకు ప్రతిఫలంగా, స్లావులు అధికంగా నివసించే డాల్మేషియా తీరంలో గొప్ప భాగాన్ని ఇస్తామని వాగ్దానం చేశాయి. ఆ సంగతి క్రొయాట్ నాయకుడు ఫ్రానో సుపిలో ద్వారా వెలుగులోకి వచ్చింది. చిన్న జాతుల రక్షణ కోసమే యుద్ధం చేస్తున్నామని ప్రకటించిన ప్రభుత్వమే వారి నేలను బేరం పెట్టడం సీటన్ వాట్సన్‌కు సహింపరాని అన్యాయంగా తోచింది. తన ప్రభుత్వాన్నే ఆయన నిర్భయంగా విమర్శించాడు.

1916 అక్టోబరులో ఆయన ‘ది న్యూ యూరప్’ అనే వారపత్రికను ప్రారంభించాడు. దాని ఖర్చులో పెద్ద భాగాన్ని తన సొంత ధనంతోనే భరించాడు. మసారిక్, పత్రికా రచయిత విక్కం స్టీడ్ మొదలైనవారు ఆయనకు తోడ్పడ్డారు. ఐరోపాలోని జాతుల స్థితిగతులు, సరిహద్దుల సమస్యలు, యుద్ధానంతరం నెలకొనవలసిన వ్యవస్థ ఆ పత్రికలో చర్చకు వచ్చేవి. ప్రభుత్వ విధానంలోని లోపాలను ఎత్తిచూపడానికి అది వెనుకాడేది కాదు. అధికారులకు కోపం వచ్చింది. 1917లో ఆయనను సైనిక వైద్య విభాగంలో సాధారణ సైనికుడిగా చేర్చుకొని, ఆసుపత్రి గచ్చు కడిగే పనికి నియోగించారు. మధ్య ఐరోపాను గురించి ఆయనతో సమానంగా తెలిసినవారు ఆనాటి బ్రిటన్‌లో వేళ్ల మీద లెక్కించదగినంత మందే. అట్టివాని చేతికి చీపురు ఇచ్చి కూర్చోబెట్టిన వివేకం ఎక్కువ కాలం నిలవలేదు. మిత్రులు కల్పించుకోవడంతో ఆయనకు యుద్ధ మంత్రివర్గపు సమాచార విభాగంలో స్థానం లభించింది. ఆ తరువాత హాప్స్‌బర్గ్ సామ్రాజ్యంలోని ప్రజలకు మిత్రరాజ్యాల సందేశాన్ని అందించే ప్రచార కార్యానికి ఆయన సారథి అయ్యాడు. 1918 ఏప్రిల్‌లో రోము నగరంలో ఆ సామ్రాజ్యపు పీడిత జాతుల ప్రతినిధులు సమావేశమయ్యారు. పరస్పరం కలహించుకొంటున్న ఇటలీ నాయకులను, స్లావు నాయకులను ఒక వేదిక మీదకు చేర్చడానికి ఆయన, స్టీడ్ ఎంతో శ్రమించారు.

1918 శరదృతువులో సామ్రాజ్యం కూలిపోయింది. అక్టోబరు 28న ప్రాగ్ నగరంలో చెకోస్లొవేకియా స్వాతంత్ర్య ప్రకటన జరిగింది. మసారిక్ ఆ దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు. డిసెంబరు 1న సెర్బులు, క్రొయాట్లు, స్లోవీనుల ఉమ్మడి రాజ్యం ఏర్పడింది. తరువాత అదే యుగోస్లావియా అనే పేరు పొందింది. ట్రాన్సిల్వేనియాలోని రుమేనియన్లు రుమేనియాతో కలిసిపోవాలని నిర్ణయించారు. 1919లో పారిస్ శాంతి మహాసభకు సీటన్ వాట్సన్ స్వచ్ఛందంగా వెళ్లాడు. ఆయనకు అధికార హోదా ఏదీ లేకపోయినా సరిహద్దుల చర్చలలో ఆయన సలహాను ఎందరో కోరారు.

అయితే పారిస్‌లో వెలసిన న్యాయం సంపూర్ణమైనది కాదు. 1920లో కుదిరిన ట్రియనాన్ సంధి వలన హంగరీ తన భూభాగంలో మూడింట రెండు వంతులు కోల్పోయింది. సుమారు 30 లక్షల మంది మజ్యార్లు సరిహద్దుకు ఆవల మిగిలిపోయారు. నిన్నటి పాలకజాతి నేడు పొరుగు దేశాలలో అల్పసంఖ్యాకమయింది. ఈ విషయమై సీటన్ వాట్సన్‌ను హంగరీ చరిత్రకారులు తీవ్రంగా విమర్శించారు. పారిస్‌లో వినిపించిన స్వయంనిర్ణయ సూత్రం ఆసియా, ఆఫ్రికా ప్రజలకు వర్తించలేదనేది కూడా గుర్తుంచుకోవలసిన సత్యం. ఆ మహాసభ జరుగుతుండగానే 1919 ఏప్రిల్ 13న అమృతసర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో బ్రిటిష్ సైన్యం నిరాయుధుల మీద కాల్పులు జరిపింది. చెర్నోవా గ్రామస్థుల కోసం కదిలిన ఆంగ్ల పాఠకులలో ఎందరో తమ సామ్రాజ్యంలోని ప్రజల గోడును అదే చెవితో వినలేదు.

విజయం లభించిన తరువాత కూడా సీటన్ వాట్సన్ సత్యాన్ని మరువలేదు. తాను ఎవరి పక్షాన నిలిచాడో వారే తప్పుదారి పట్టినప్పుడు నిలదీశాడు. 1923లో స్లొవేకియాలో పర్యటించి, ప్రాగ్ ప్రభుత్వం పట్ల స్లోవాకులకు గల అసంతృప్తిని దాచకుండా వివరిస్తూ 1924లో పుస్తకం ప్రకటించాడు. 1931లో స్లోవాకుల చేతనే వ్యాసాలు రాయించి మరొక సంపుటం వెలువరించాడు. 1929లో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్ రాజ్యాంగాన్ని రద్దు చేసి నిరంకుశ పాలన నెలకొల్పగా, క్రొయాట్ల హక్కులను కాలరాయవద్దని హెచ్చరించాడు. కొత్త దేశాలు తమలోని అల్పసంఖ్యాకులను ఎట్లా చూస్తాయనే దాని మీదనే వాటి భవిష్యత్తు ఆధారపడి ఉంటుందని ఆయన దృఢంగా విశ్వసించాడు.

1922 నుండి 1945 వరకు ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో మసారిక్ పేరిట నెలకొల్పిన మధ్య ఐరోపా చరిత్ర పీఠానికి ఆచార్యుడిగా ఉన్నాడు. సహచరుడు బెర్నార్డ్ పేర్స్‌తో కలిసి 1922లో ‘స్లావోనిక్ రివ్యూ’ అనే పరిశోధన పత్రికను స్థాపించాడు. 1930 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో వారసత్వంగా వచ్చిన సంపద చాలావరకు హరించుకొనిపోయింది. అయినా ఆయన రచనా వ్యాసంగం ఆగలేదు. రుమేనియన్ల చరిత్రను 1934లోనూ, చెక్, స్లోవాక్ జాతుల చరిత్రను 1943లోనూ ప్రకటించాడు.

1938 సెప్టెంబరులో ఆయనకు జీవితంలోకెల్లా పెద్ద దెబ్బ తగిలింది. మ్యూనిక్ నగరంలో బ్రిటన్, ఫ్రాన్సు ప్రధానులు హిట్లర్, ముస్సోలినీలతో ఒప్పందం చేసుకొని, చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాలను జర్మనీకి అప్పగించారు. ఏ దేశాన్ని గురించి చర్చ జరిగిందో ఆ దేశానికి చర్చలలో స్థానమే లేదు. చిన్న దేశాన్ని బలి ఇచ్చి శాంతిని కొనలేరని సీటన్ వాట్సన్ పుస్తకాలలోనూ, సభలలోనూ ఎలుగెత్తి చాటాడు. ఆరు నెలలు తిరగకుండానే 1939 మార్చిలో హిట్లర్ సేనలు ప్రాగ్ నగరాన్ని ఆక్రమించాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం మొదలయింది. ఆయన హెచ్చరిక నిజమయింది. కాని తన మాట నిజమైనందుకు ఆయన సంతోషించే సందర్భం అది కాదు. యుద్ధకాలంలో అరవై ఏళ్లు పైబడిన వయసులో కూడా ఆయన మళ్లీ ప్రభుత్వ సమాచార విభాగాలలో పనిచేశాడు.

1945లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనను చెకోస్లొవేకియా అధ్యయన పీఠానికి ఆచార్యుడిగా నియమించింది. 1948లో ప్రాగ్‌లో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకొన్నారు. ఆ దేశంతో ఉన్న సంబంధాలు తెగిపోవడంతో 1949లో ఆయన ఆ పదవి నుండి విరమించాడు. తాను కట్టడానికి తోడ్పడిన ఇల్లు రెండవసారి పరుల పాలుకావడం ఆయనను కలచివేసింది. 1951 జూలై 25న స్కాట్లాండుకు చెందిన స్కై ద్వీపంలో ఆయన కన్నుమూశాడు. కుమారులు హ్యూ, క్రిస్టఫర్ ఇద్దరూ చరిత్రకారులై తండ్రి బాటలో నడిచారు. తండ్రి కృషిని వివరిస్తూ వారిరువురూ కలిసి రాసిన గ్రంథం 1981లో వెలువడింది.

ఆయన మరణానంతరం ఐరోపా పటం మళ్లీ మారింది. 1991 నుండి యుగోస్లావియా ముక్కలయి, రక్తపాతం మధ్య కొత్త దేశాలు ఏర్పడ్డాయి. 1993 జనవరి 1న చెక్ రిపబ్లిక్, స్లొవేకియా శాంతియుతంగా విడిపోయాయి. ఆయన గీతలు గీయడానికి సాయపడిన దేశాలు నేడు అదే రూపంలో లేవు. ఆయన కోరిన ధర్మం మాత్రం నిలిచి ఉంది. జనసంఖ్య తక్కువైనంత మాత్రాన ఒక జాతి భాష, సంస్కృతి, ఆత్మగౌరవం తక్కువవి కావు. ఆ ధర్మాన్ని నిలబెట్టడానికి సీటన్ వాట్సన్ ఊరూరా తిరిగి సాక్ష్యం సేకరించాడు. సాక్ష్యం ఎదురైనప్పుడు తన అభిప్రాయాన్నే మార్చుకొన్నాడు. తనవారు తప్పు చేసినప్పుడు తనవారినే ప్రశ్నించాడు. గతాన్ని చదివే విద్య వర్తమానంలోని అన్యాయాన్ని గుర్తించడానికి ఉపయోగపడాలని ఆయన జీవితం విద్యార్థిలోకానికి బోధిస్తున్నది.